పక్కిల్లు అమ్మకానికి ఉంది

అద్దె ఇల్లు, వెనక గది
ఏప్రిల్ 6

వదినా,

మొత్తానికి బదిలీ కాగితం వచ్చింది. మా ఆయన ఆగస్టు ఒకటో తారీఖున మీ ఊరి బడిలో చేరాలి. లెక్కల మాస్టారు కదా, ఉత్తర్వు చేతికి రాగానే ఇంకా ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టి, క్యాలెండరు మీద పెన్సిలుతో రాసి, తీరుబడిగా పేపరు చదువుకుంటున్నారు. కంగారుపడే పని నాకు వదిలేశారు.

నా సంగతి కూడా విను. పంతొమ్మిదేళ్ళుగా చేస్తున్న బైండింగు షాపు మానేస్తున్నాను. మీ ఊరి గ్రంథాలయంవాళ్ళు పాత పుస్తకాలు విడతలవారీగా నాకిస్తామన్నారు. ఇంటి దగ్గరే విప్పి, కుట్టి, అట్టలు కట్టి ఇవ్వాలి. ఒకరి కింద కాకుండా నా బల్ల దగ్గర నేను కూర్చోవడం నలభై నాలుగేళ్ళకు ఇదే మొదలు. పైకి ధీమాగా తిరుగుతున్నాను గానీ లోపల బెరుగ్గానే ఉంది. ఒక్క పుస్తకం పాడైందంటే రెండోది ఇవ్వరు.

అందుకే ఈసారి అద్దెకు కాకుండా కొనుక్కుందామనుకున్నాం. మళ్ళీ మళ్ళీ కొనే శక్తి లేదు కాబట్టి మొదటిదీ ఆఖరిదీ ఇదే. పనికి ఒక పెద్ద గది కావాలి, రెండు గోడల నిండా షెల్ఫులు పట్టాలి. పుస్తకాలు అదిమే ప్రెస్సును మెట్లెక్కించడం మనవల్ల కాదు, కాబట్టి కింది అంతస్తే కావాలి.

మా దృష్టిలో రెండు చోట్లున్నాయి. ఒకటి నదికి దూరంగా, ఊరికి ఎత్తున గట్టు మీద కొత్తగా కట్టిన ఇళ్ళు. బడికి దగ్గరని మా ఆయన మనసు అటే లాగుతోంది. రెండోది నది పక్కన మీ కింది వీధి. నేనిక్కడున్నాను, నువ్వక్కడున్నావు. రెండూ తిరిగి చూసి రాయి. నువ్వు ఏది బాగుందంటే అదే.

అన్నయ్య అక్కడ మీ ఇల్లు కొన్నప్పుడు, నది పక్కన ఇల్లేంటి, బుద్ధి లేదా అని నోరు పారేసుకున్నాను. ఎనిమిది నెలలు నాతో మాట్లాడలేదు. ఈసారి నోరు మూసుకుని నువ్వు చెప్పింది వింటాను. గోడలు ఎలా ఉన్నాయో మాత్రం తప్పకుండా రాయి.

నీ ఆడపడుచు


కింది వీధి, వంటగది బల్ల
ఏప్రిల్ 14

జిగురుపిల్లకి,

నలభై నాలుగేళ్ళొచ్చాక కూడా ఆ పేరేంటని మూతి ముడవకు. చేతులకు జిగురు లేకుండా ఒక్కరోజూ భోజనానికి కూర్చోలేదని మీ అన్నయ్య పెట్టిన పేరు. మార్చే హక్కు నాకు లేదు.

నీ ఉత్తరం డిపోకి తీసుకెళ్ళి మూడుసార్లు చదివాను. బస్సుల్లో జనం మర్చిపోయిన వస్తువులు కాపలా కాసేదానికి తీరికకు లోటుండదు. ఈ వారం పదకొండు గొడుగులూ ఒక పళ్ళసెట్టూ వచ్చాయి. గొడుగుల కోసం ఇద్దరొచ్చారు. పళ్ళ కోసం ఎవరూ రాలేదు. ఆ మనిషి ఎక్కడో నోరు మూసుకుని కూర్చుని ఉంటాడు.

అసలు సంగతి. మా పక్కిల్లు అమ్మకానికి ఉంది. టైలరు ఇల్లు, నీకు గుర్తుండే ఉంటుంది. నా వంటగదికీ ఆయన పనిగదికీ మధ్య ఒకటే గోడ. వీధి మీదికి రెండు రెక్కల తలుపు, పెద్ద కిటికీ, నీ ప్రెస్సుకు కావలసినంత చోటు. పైన చిన్న గది కూడా ఉంది. మొన్న ఫిబ్రవరిలోనే రంగు వేయించాడు, లేత నీలం. చూస్తే కళ్ళు చల్లబడతాయి.

వీధి సంగతి చెప్పాలంటే, ఇక్కడ కాలు బయటపెడితే అన్నీ దొరుకుతాయి. రొట్టెల కొట్టు, మందుల షాపు, చెప్పులు కుట్టే ముసలాయన, ఇస్త్రీ కొట్టు. చేతిలోంచి గ్లాసు జారిపడితే ఎదురింటావిడ కిటికీలోంచి ఏమైందని అడుగుతుంది. మనం చెప్పేదాకా వదలదు. మొదట్లో విసుగ్గా ఉండేది గానీ, ఇప్పుడు ఆవిడ ఒకరోజు అడక్కపోతే నేనే వెళ్ళి ఒంట్లో ఎలా ఉందని అడుగుతున్నాను.

గట్టు మీది ఇళ్ళు దూరం నుంచి చూశాను. అద్దాల బీరువాల్లా ఉన్నాయి. చూడ్డానికి బాగుంటాయి, లోపల మనుషులున్నారో లేదో తెలియదు. రాత్రి ఎనిమిది దాటితే బస్సు లేదు. సూది కావాలన్నా కిందికి దిగాలి.

గోడల సంగతి అడిగావు. గోడలు గోడల్లాగే నిటారుగా ఉన్నాయి. ఇక్కడ అందరం మంచాలూ బీరువాలూ ఇటుకల మీదికి ఎక్కిస్తాం, కింద ఊడవడానికి సులువని. సామానుకు చెప్పులు తొడిగాను అనేవాడు మీ అన్నయ్య. షెల్ఫులు కూడా గోడకు బెత్తెడు ఎడంగా పెడతాం, గాలి ఆడుతుందని. అలవాటైతే అదే బాగుంటుంది.

వచ్చెయ్యండి. అన్నయ్యగారికి బడి దూరమైతే నడుస్తారు, ఒళ్ళు తగ్గుతుంది.

వదిన


బైండింగు షాపు, మధ్యాహ్నం
ఏప్రిల్ 25

వదినా,

నీ ఉత్తరం చదివి మా ఆయన బరువు చూసుకున్నారు. రెండు రోజులు మెట్లు ఎక్కి దిగారు. మూడో రోజు మామూలే.

షాపులో నాకిది చివరి నెల. నిన్న ఒకాయన వాళ్ళ నాయనమ్మ చేతిరాత పుస్తకం తెచ్చాడు. అంతా వంటల పద్ధతులు. నేను పుటలు తిప్పి, ఇది మీ ఇంట్లో పొయ్యికి ఎడమ పక్కన, కిటికీ కింద ఉండేది కదా అన్నాను. ఆయన ఆశ్చర్యపోయాడు. ఇందులో గొప్పేమీ లేదు. ఒక పక్క పొగ పట్టింది, రెండో పక్క ఎండకు పాలిపోయింది. కాగితం ఎక్కడ బతికితే అక్కడి గుర్తులు పెట్టుకుంటుంది. నా తరవాత ఈ బల్ల దగ్గర కూర్చోబోయే అమ్మాయికి ఇదే నేర్పుతున్నాను.

పక్కిల్లు బాగానే ఉన్నట్టుంది. మూడు సంగతులు మాత్రం అడగాలనిపించింది. వానాకాలంలో ఆ గది ఎలా ఉంటుంది? టైలరు అంత ఇష్టంగా ఉన్న ఇల్లు వదిలి ఎందుకు వెళ్ళిపోతున్నాడు? ఫిబ్రవరిలో రంగెందుకు వేయించాడు?

గట్టు మీది ఇల్లు కూడా ఒకసారి లోపలికి వెళ్ళి చూసి రా. కింది అంతస్తులో మూడో నంబరు. కావలి మనిషి దగ్గర తాళాలుంటాయట. తొందరేం లేదు, నిదానంగా రాయి.

నీ ఆడపడుచు


కింది వీధి, వంటగది బల్ల
మే 5

జిగురుపిల్లకి,

నీ మాట తీసెయ్యలేక గట్టెక్కాను. బస్సు దిగాక ఎనభై మూడు మెట్లు. పైకి చేరేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. కావలి మనిషి తాళం తీసి, త్వరగా చూసుకోండి అన్నాడు. గదులు పెద్దవే, కాదనను. కానీ లోపల మాట్లాడితే మన మాట తిరిగి మనకే వస్తుంది. కిటికీ తెరిస్తే ఎదురుగా ఇంకో కిటికీ, దానికి తెర. ఇరుగుపొరుగు ఎలాంటివాళ్ళో చూద్దామని మూడు తలుపులు తట్టాను. రెండు తెరుచుకోలేదు. మూడో ఇంటాయన గొలుసు తీయకుండా సందులోంచి మాట్లాడాడు. వెళ్ళేటప్పుడు గేటు వేసి వెళ్ళండి అన్నాడు. అదీ అక్కడి పరిచయం. నువ్వు ఆ ఇంట్లో జారిపడితే తెలియడానికి వారం పడుతుంది.

మూడు సంగతులు అడిగావు. వానాకాలంలో ఏ గదైనా ఒకటే, కిటికీ మూసుకుంటే సరి. అమ్మేవాడు రంగు వేయించక కొనేవాడు వేయిస్తాడా? టైలరును కూతురు తన దగ్గరే ఉండమంటోంది. ముసలివాడు, చూపు ఆనడం లేదు, వెళ్తున్నాడు.

ఇంకో సంగతి చెబుతాను, నవ్వకు. పొద్దున నేను టీ పెట్టుకునే వేళకి గోడ అవతల టైలరు మిషను మొదలవుతుంది. మీ అన్నయ్య పోయి మూడేళ్ళయింది. ఈ మూడేళ్ళూ ఆ చప్పుడు వింటూనే టీ తాగుతున్నాను. ఆయన కూడా వెళ్ళిపోతే గోడ అవతల ఏమీ ఉండదు. నువ్వు పుస్తకం వీపు గుండ్రంగా రావడానికి సుత్తితో కొడతావు చూడు, అది వినిపిస్తే బాగుంటుందని అనుకుంటున్నాను.

ఇంకెవరో ఇద్దరు ఆ ఇంటిని చూసి వెళ్ళారు. నాన్చితే చెయ్యి జారిపోతుంది. అన్నయ్యగారిని ఒప్పించు.

వదిన


అద్దె ఇల్లు, వెనక గది
మే 16

వదినా,

మా ఆయన ఒప్పుకున్నారు. నువ్వు ఏ ఇల్లంటే ఆ ఇల్లే. జూన్ రెండున వచ్చి టైలరుతో కాగితాల మీద సంతకాలు పెట్టేస్తాం అంటున్నారు.

గ్రంథాలయంవాళ్ళు మొదటి విడతలో మూడువందల పుస్తకాలు పంపుతారట. కొన్ని నూరేళ్ళవి. వాటికి రెండో ప్రతి ఎక్కడా లేదు. అన్నీ ఆ గదిలోకే వస్తాయి, పని పూర్తయ్యేదాకా అక్కడే ఉంటాయి.

నాకు ఒక్క మాట రాయి చాలు. నీ వంటగదికీ ఆ గదికీ మధ్యనున్న గోడకు నేను షెల్ఫు ఆనించవచ్చా? అవునంటే సంతకం పెట్టేస్తాను.

నీ ఆడపడుచు


డిపో, పోయిన వస్తువుల గది
మే 24

అమ్మాయీ,

కొనకు.

ఆ మాట ముందు రాసేస్తే మిగతాది రాయడానికి చెయ్యాడుతుందని ఇలా మొదలుపెట్టాను. ఆ గోడకు షెల్ఫు ఆనించకూడదు. బెత్తెడు ఎడంగా పెట్టినా లాభం లేదు. నది చెమ్మ నేలలోంచి గోడల్లోకి ఎక్కుతుంది. ఎండాకాలంలో మోకాళ్ళ దాకా, వానలు మొదలైతే నడుము దాకా. రంగు వేసిన ఆరు నెలలకు పొక్కులు లేస్తాయి, ఆ తరవాత పొరలుగా రాలుతుంది. టైలరు కూతురు దగ్గరికి వెళ్తున్న మాట నిజమే. కానీ నిరుడు ఉన్ని గుడ్డ తానులు రెండు బూజు పట్టి పోయాయి, ఆయన వెళ్తున్నది అందుకు. ఊడవడానికి సులువని ఎవరూ ఇటుకలు పెట్టుకోరు.

మా ఇల్లూ అంతే. ఇన్నేళ్ళూ నువ్వెందుకు కనిపెట్టలేదో తెలుసా? నువ్వొస్తున్నావని ఉత్తరం అందగానే మీ అన్నయ్య గోడలకు రంగు వేసేవాడు. పదిహేడేళ్ళలో ఐదుసార్లు వచ్చావు, ఐదుసార్లూ రంగు పడింది. జిగురుపిల్ల చెప్పిందే నిజమైందని దానికి తెలియకూడదు అనేవాడు. నేను నవ్వుతూ డబ్బా పట్టుకుని పక్కన నిలబడేదాన్ని. ఆయన పోయినప్పుడు కూడా వచ్చావు గానీ, అప్పుడు గోడల్ని చూసే స్థితిలో మనిద్దరం లేం. ఆ పంతం ఆయనది. ఆయన పోయాక దాన్ని నేనెందుకు మోస్తున్నానో నాకే అర్థం కాదు.

అయితే పంతం ఒక్కటే కాదు. ఉన్నదున్నట్టు రాస్తాను. గోడ అవతల నువ్వు ఉండాలని నా ఆశ. డిపో నుంచి వచ్చి తాళం తీసుకుని లోపలికి వెళ్ళే ఆ నిమిషం నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది. పక్కింట్లో నీ దీపం వెలుగుతూ ఉంటే అంత కష్టం ఉండదనిపించింది. ఆ దీపం కోసం నీ పని నాశనమైనా సరే అనుకున్నాను. తెలిసే అనుకున్నాను. నీకు మొదటిసారిగా సొంత బల్ల దొరుకుతోందని తెలిసి, నేను రొట్టెల కొట్టు గురించి రాశాను.

పద్దెనిమిదేళ్ళుగా ఎవరి వస్తువు వాళ్ళకు అప్పగించి సంతకం తీసుకునే ఉద్యోగం నాది. సిగ్గుగా ఉంది. ఈ ఉత్తరం ఇంట్లో రాయడానికి మొదలుపెట్టి రాయలేక ఇక్కడికొచ్చి రాస్తున్నాను.

గట్టు మీది ఇల్లు తీసుకో. ఈ ఉత్తరం దాచిపెట్టు. రేపు నేను మాట మారిస్తే నా ముఖాన పెట్టు.

వదిన


అద్దె ఇల్లు, వెనక గది
మే 30

వదినా,

సంతకాలు మానుకున్నాం. టైలరుకు మా ఆయన విడిగా ఉత్తరం రాశారు.

నువ్వు దాచింది చెప్పావు. ఇక నేను దాచింది చెప్పకపోతే మనిషిని కాను. చెమ్మ సంగతి నాకు మొదటి నుంచీ తెలుసు.

ఏ ఉత్తరం వచ్చినా నేను ముందు చదవను, కాగితాన్ని వేళ్ళతో తడిమి చూస్తాను. పంతొమ్మిదేళ్ళ పని అంటించిన జబ్బు అది. ఏప్రిల్లో నీ ఉత్తరం విప్పితే అంచులు అలలు తేలి ఉన్నాయి. సిరా అక్షరం దాటి పాకింది. మూలన గోధుమరంగు చుక్కలు. చాలాకాలం మూసి ఉంచిన పెట్టె వాసన. అప్పటికి ఇంకా వానలే లేవు. నువ్వు వంటగది అరలోంచి తీసిన కాగితమే అలా ఉంటే, గోడ అవతల అరలో నా పుస్తకాలు ఎలా ఉంటాయో ఇంకొకరు చెప్పాలా? బైండింగు చేసేదానికి ఆ అరలోని కాగితం మీదే ఇంటి గొప్పలు రాశావు. కోపం రావాల్సింది పోయి మొదట నవ్వొచ్చింది.

ఆ రోజే రాసి ఉండాల్సింది, వదినా, గోడలు చెమ్మగా ఉన్నాయి కదా, పోనీలే అని. రాయలేదు. నీ అంతట నువ్వే చెబుతావేమో చూద్దామని మూడు ప్రశ్నలు వేశాను. నువ్వు తప్పించుకున్న కొద్దీ నా పట్టు బిగిసింది. ఆ సంతకం మాట, మూడువందల పుస్తకాల మాట, అన్నీ నిన్ను మూలకు నెట్టడానికే రాశాను. పుస్తకాలు నిజమే గానీ సంతకం పెట్టే ఉద్దేశం నాకెప్పుడూ లేదు.

ఇంకొకటి కూడా ఉంది. ఇది రాయడానికే నాలుగు రోజులు పట్టింది. మే పదో తారీఖు ఆదివారం మీ ఊరొచ్చాను. గట్టు మీది ఇల్లు చూసి, మధ్యాహ్నం మీ వీధి చివరిదాకా వచ్చాను. నువ్వు గుమ్మం ముందు రెండు కుర్చీలు వేసి, వాటి మీద అన్నయ్య ఫొటోలూ సర్టిఫికెట్లూ ఎండబెడుతున్నావు. ఒక్కొక్కటీ తీసి, తుడిచి, తిరగేస్తున్నావు. ఇస్త్రీ కొట్టు పక్కన చాలాసేపు నిలబడి చూశాను. పలకరిస్తే నువ్వు ఇంకో అబద్ధం చెప్పాల్సి వస్తుందనుకున్నాను. అది నిన్ను కాపాడటానికే అని నాకు నేను చెప్పుకున్నాను. తరవాతి బస్సుకు వెనక్కి వచ్చేశాను.

నన్ను తిట్టు.

నీ ఆడపడుచు


కింది వీధి
జూన్ 8

బైండరుగారికి,

తిట్టమన్నారు కాబట్టి తిడుతున్నాను.

నేను అబద్ధం చెప్పాను. నువ్వు నాకు పరీక్ష పెట్టావు. రెండింటిలో ఏది పెద్ద తప్పో మీ ఇంట్లో లెక్కల మాస్టారున్నారు, అడుగు. నేను చేసింది ఆశకొద్దీ చేశాను. నువ్వు నెలన్నర పాటు అన్నీ తెలిసి, నేను ఎక్కడ దొరుకుతానా అని చూస్తూ కూర్చున్నావు. ఇటుకల గురించి నేను రాసిన మాటలు నువ్వు చదువుతూ నవ్వుకుంటుంటే ఎలా ఉండి ఉంటుందో తలచుకుంటే నాకు తల కొట్టేసినట్టుంది.

అదైనా సరిపెట్టుకుంటాను. ఆ ఆదివారం మాత్రం సరిపెట్టుకోలేను. ఆ రోజు పొద్దున్నుంచి నాతో ఒక్కరూ మాట్లాడలేదు. ఎదురింటావిడ కూడా ఊళ్ళో లేదు. నువ్వు వచ్చి పక్క కుర్చీ ఖాళీ చేయించుకుని కూర్చుని ఉంటే, నేను నోటికొచ్చిన అబద్ధాలన్నీ ఆడి ఉండేదాన్నేమో. ఆడితే ఆడాను. నువ్వు వచ్చి ఉండేదానివి కదా.

ఇస్త్రీ కొట్టు నా గుమ్మానికి ఇరవై అడుగులు.

వదిన


అద్దె ఇల్లు, వెనక గది
జూన్ 14

వదినా,

మా ఆయన్ను అడగలేదు. జవాబు నాకే తెలుసు.

ఆ ఇరవై అడుగులూ నేను నడవాల్సింది. దానికి ఏ వంకా లేదు. నీ అబద్ధాన్ని పట్టుకోవాలన్న పట్టుదలలో నిన్ను చూడటం మర్చిపోయాను. తప్పు నాదే.

ఒక్క మాట అడుగుతాను. గట్టు మీది ఇంట్లో పనిగది కాక ఇంకో రెండు గదులున్నాయి. ఒకటి నువ్వు తీసుకో. ఆ ఇల్లు అమ్మేసెయ్, లేకపోతే తాళం పెట్టి వచ్చెయ్. మా ఆయన కూడా చెల్లెమ్మను రమ్మని రాయి అన్నారు. ఈ మాట జాలిపడి రాస్తున్నాననుకోకు.

ఆ ఇల్లు వానల్లో ఎలా ఉంటుందో మాకింకా తెలియదు. నేను చూసింది ఎండలో. జూలై మొదట్లో ఏదో ఒకటి తేల్చుకోవాలి. నిన్ను చూసి పెట్టమని అడిగే ముఖం నాకు లేదు.

నీ ఆడపడుచు


కింది వీధి, వంటగది బల్ల
జూలై 2

జిగురుపిల్లకి,

కోపం పూర్తిగా పోలేదు. రాయడానికి సరిపడా తగ్గింది.

నువ్వు అడగకపోయినా గట్టు మీదికి వెళ్ళాను. ఒకసారి కాదు, ఆరుసార్లు. వానలో, ఎండలో, పొద్దున, సాయంత్రం వెళ్ళి చూశాను. కావలి మనిషి ఇప్పుడు నన్ను చూడగానే గొడుగు తీసుకుని ఎదురొస్తున్నాడు. ఈసారి నా ఆశను ఇంట్లో పెట్టి వెళ్ళాను కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను.

పనిగదిలో పొద్దున తొమ్మిది నుంచి నాలుగింటి దాకా దీపం అక్కర్లేని వెలుతురు ఉంది. నేను మొదటిసారి చూసి కూడా రాయలేదు. ఎనభై మూడు మెట్ల మాట నిజమే గానీ వెనకవైపు బండి వచ్చే దారి ఉంది. అదీ రాయలేదు. బస్సు ఎనిమిదింటికి ఆగిపోవడం నిజం. కొట్లు లేకపోవడం నిజం. గాలి వీస్తే కిటికీ రెక్కలు కొట్టుకుంటాయి, గడియలు మార్పించాలి. గొలుసు సందులోంచి మాట్లాడిన ఆయన రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునే మనిషట. నేను ఆయన్ను నిద్ర లేపాను. నాలుగోసారి వెళ్ళినప్పుడు ఆయనే తలుపు తీసి, ఆ ఇంట్లోకి వచ్చేది మీరేనా అని అడిగాడు. కాదు, నా ఆడపడుచు అన్నాను. మాటకారి మనిషి కాదు. చెడ్డవాడూ కాదు.

ఇక గోడలు. డిపో పక్క కొట్లో కొత్త కాగితాలు కొన్నాను. ఒకటి గట్టు మీది గదిలో, నువ్వు షెల్ఫులు పెట్టాల్సిన గోడకు గుండుసూదితో గుచ్చాను. ఇంకొకటి నా వంటగది గోడకు గుచ్చాను. తొమ్మిది రోజులు ముసురు పట్టింది, రోడ్లన్నీ జలమయం. పదో రోజు రెండూ తీశాను. నువ్వు చదువుతున్న ఈ కాగితం గట్టు మీదిది. రెండోది మడిచి ఇదే కవరులో పెట్టాను. నా మాట నమ్మి ఊరుకోకు. నీ వేళ్ళున్నాయి, తడిమి చూసుకో.

పక్కింటికి ఒక కుర్ర జంట వచ్చింది. టైలరు ఎదుటే గోడ సంగతి చెప్పేశాను. ఆయన వారం రోజులు నా ముఖం చూడలేదు. కానీ వాళ్ళకు పైగది నచ్చింది, కింద సామానేమీ పెట్టం అన్నారు. ఆ అమ్మాయి బాకా ఊదుతుందట. చెమ్మకు దానికేమీ కాదు, తుడుచుకుంటే చాలంది. టైలరు సంతోషించి మళ్ళీ మాట కలిపాడు. నా టీ వేళకి గోడ అవతల ఏం వినిపించబోతోందో నువ్వే ఊహించుకో.

ఇక నన్ను రమ్మన్నావు. రాను. రెండు రోజులు ఆలోచించే రాస్తున్నాను. నాకు పక్కింట్లో నువ్వు ఉండాలనిపించింది గానీ, నీ ఇంట్లో నేను ఉండాలని ఎప్పుడూ అనిపించలేదు. ఈ వీధి తడిదే. అయినా ఇక్కడ నేను ఎవరింటికో వచ్చినదాన్ని కాను. మీ అన్నయ్య పోయిన తరవాత తాళం తీయడం కష్టంగా ఉందని రాశాను, అది నిజం. ఆ తాళం నాదే కావాలన్నదీ అంతే నిజం. నా ఫొటోలూ కాగితాలూ మాత్రం నీ షెల్ఫులో ఒక అర ఇస్తే తెచ్చి పెడతాను. వాటిని చూసుకోవాలనిపించినప్పుడల్లా గట్టెక్కుతాను.

నీకు ఏ ఇల్లు మంచిదో ఇప్పుడు చెప్పగలను. నాకు దూరంగా ఉన్నదే మంచిది. తీసుకో.

వదిన


అద్దె ఇల్లు, సామాను కట్టిన పెట్టెల మధ్య
జూలై 10

వదినా,

నీ కోసం కిటికీ పక్క అర ఉంచుతున్నాను. ఎండ నేరుగా పడని చోటు అదొక్కటే, గ్రంథాలయం పుస్తకాలకు కూడా ఇవ్వను. ఇరవై ఐదున లారీ వస్తుంది. ఇరవై ఆరు ఆదివారం, సామాను సర్దే పనంతా మా ఆయనకు వదిలేసి ముందు మీ ఇంటికి వస్తాను. ఈసారి గుమ్మం దాకా వస్తాను. గోడలకు రంగు వేయించకు.

నువ్వు రానన్నందుకు బాధ కలిగింది. రెండు రోజులు ముభావంగా తిరిగాను. తరవాత నీ మాట అర్థమైంది. నాకూ సొంత బల్ల కావాలనే కదా ఇంత గొడవా.

నీ కవరు చింపి ఉత్తరం తీసి, నిలబడే చదివాను. మొదటి మాట నుంచి చివరి మాట దాకా చదివి, కూర్చుని మళ్ళీ చదివాను. మడిచిన రెండో కాగితం ఇంకా విప్పలేదు. మొదటిదాన్నీ తడిమి చూడలేదు, మడిచి నా పెట్టెలో పెట్టేశాను. మొన్న గట్టు మీది ఇంటి సంతకాలకు బయల్దేరబోతుంటే మా ఆయన, ఇంతకీ కాగితం ఎలా ఉంది, గోడ పొడిగానే ఉందా అని అడిగారు. పొడిగానే ఉందట, వదిన రాసింది అన్నాను.

నీ ఆడపడుచు